మూసలో కూర్చున్న మేనమామ

ఆ సోమవారం పొద్దున హర్షవర్ధన్ పెట్టుకున్న పనులు నాలుగే. టిఫిను తినడం, గవర్నర్‌పేటలో షాపు తెరవడం, మరదలు కనకశ్రీ పెళ్ళి వెబ్‌సైటులో ఒకే ఒక్క పేరును కాస్త పెద్దది చేయడం, ఆ తర్వాత భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకుని వన్ టౌనులో పెళ్ళిబట్టలు కొనడం. వీటిలో ప్రమాదకరమైనది బట్టలు కొనడమేనని అతను అనుకున్నాడు. పాపం, చదువుకున్నవాడు.

షాపు తండ్రి నాటిది. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, ఏది కావాలన్నా అక్కడ అచ్చవుతుంది. తండ్రి ఇంటి పట్టున కూర్చున్నాక హర్ష దానికి ఆధునికత అద్దాడు. కార్డు మూలన నల్లచుక్కల చదరం ఒకటి వేస్తాడు. ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తే ఆ పెళ్ళి వెబ్‌సైటు తెరుచుకుంటుంది. అందులో వధూవరుల ఫోటోలు, ముహూర్తం, హాలుకు దారి, అన్నీ ఉంటాయి. కార్డు ఎక్కడ పెట్టామో వెతుక్కునే పని లేకుండా ఫోను ఎక్కడ పెట్టామో వెతుక్కుంటే చాలు.

ఇందులో పెద్ద మాయేమీ లేదు గానీ ఉన్నట్టే చెప్పేవాడు హర్ష. ఒక్కో పెళ్ళికి ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. లైను ముందు హాష్ గుర్తు పెడితే ఆ లైను పెద్దక్షరాలవుతుంది, మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తులు పెడితే ఆ మాట లావవుతుంది. పూల అంచులు, రంగులు, ఫోటోలు కూర్చునే చోట్లు మాత్రం వేరే ఫైలులో ఉంటాయి. దాన్ని టెంప్లేటు అంటారు, అంటే మూస. ఒక్క కమాండు కొడితే టెక్స్ట్ ఫైళ్ళన్నీ ఆ మూసలో పడి, ఇడ్లీల్లా వాయికి వాయి పేజీలై దిగుతాయి. "మూసలో ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుందండీ!" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పేవాడు. కార్డు పసుపురంగులో ఉంటుందా అని అడగడానికి వచ్చినవాడు కూడా అది వినే వెళ్ళాలి.

పేరు పెద్దది చేయమన్నది రత్తయ్య. అత్తగారు శివపార్వతమ్మకు అన్నగారు, కనకశ్రీకి ఉన్న ఒకే ఒక్క మేనమామ (అయినా 'పెద్ద మేనమామ' అనాల్సిందే), వరసకు హర్షకు పెదనాన్న. కంకిపాడు దగ్గర బందరు రోడ్డు మీద ఆయనకో కల్యాణమండపం ఉంది. అందులోనే కనకశ్రీ పెళ్ళి. రత్తయ్యకు పొలముంది, హాలుంది, పిల్లలు లేరు, అలక ఉంది. ఓ పెళ్ళిలో తన విస్తట్లో ఆవకాయ వడ్డించడం మరిచిపోయారని అలిగి, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడటం మానేశాడు. వాళ్ళు జాడీ మోసుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడినా కరగలేదు. అలాంటి మనిషికి కనకశ్రీ వెబ్‌సైటులో తన పేరు అట్టడుగున, బంధుమిత్రులందరితో కలిపి కనిపించింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి, "హాలు తాళాలు నా మొలకే ఉన్నయ్యిగా, చూద్దాంలే" అన్నాడు. మాఘమాసం ముహూర్తాలు. విజయవాడ చుట్టుపక్కల ఖాళీ హాలు దొరకడం కంటే పుష్కరాల్లో కృష్ణ ఒడ్డున ఖాళీ చోటు దొరకడం తేలిక. శివపార్వతమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

హర్ష షాపు తెరిచేసరికి రత్తయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని, కంప్యూటరు వైపు కోడలి వంట చూసినట్టు చూశాడు.

"ఏంట్రా అబ్బాయ్, ఇదేనా నా పేరు? భూతద్దం నువ్విస్తావా, నన్నే తెచ్చుకోమంటావా?"

"పెద్దది చేస్తానండీ పెదనాన్నగారూ. ముందు ఒక్క హాష్ పెడితే..."

"హాషో గీషో. వియ్యంకుడి పేరు కంటే పెద్దదుండాల."

"అలాగేనండీ."

"ఫోటో ఏదీ? పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేది ఎవరు? నేను. బుట్టలో కూర్చునేదానికేమో అంత ఫోటో, మోసేవాడికి ఫోటో లేదా?"

హర్ష ఫోటో పెట్టాడు. పట్టుపంచె, రూపాయి బిళ్ళంత బొట్టు, ఎత్తిన కుడిచేయి. ఫోను నంబరు కూడా వేయమంటే వేశాడు. రత్తయ్య తృప్తిగా తలాడించి, తన ఫోనులో సైటు తెరిచి, 'హాలుకు దారి' అన్నచోట నొక్కాడు. ముఖం మాడింది. 'ఫోటోలు' అన్నచోట నొక్కాడు. ఇంకా మాడింది.

"ఇక్కడ లేనే?"

"మొదటి పేజీలో ఉన్నారు కదండీ."

"మొదటి పేజీ చూసి మూసేసేవాడికి కనపడి మిగతా చోట్ల మాయమవటానికి నేనేమన్నా దెయ్యాన్నా? ఏ పేజీ తెరిచినా నేనే కనపడాల. అదీ సంగతి. కుదరదంటే చెప్పు, లేచిపోతా."

లేచిపోతాననేటప్పుడు మొలలో తాళంచెవులు గలగలమన్నాయి. ఒక్కో పేజీలో విడివిడిగా పెట్టాలంటే అరపూట పని. వన్ టౌనులో భార్యా అత్తగారూ ఎదురుచూస్తున్నారు. బద్ధకస్తుడికి తెలివి ఎక్కువ కదా, హర్షకు తన మూస గుర్తొచ్చింది. పేరునూ ఫోటోనూ నంబరునూ తీసుకెళ్ళి, "పెద్ద మేనమామ శ్రీ రత్తయ్యగారి ఆశీస్సులతో" అని అన్ని పేజీలకూ ఆధారమైన ఆ మూసఫైలులో కూర్చోబెట్టాడు. కమాండు కొట్టాడు. కనకశ్రీ సైటులో ఏ పేజీ తెరిచినా రత్తయ్య చెయ్యెత్తి దీవిస్తున్నాడు. "అద్గదీ!" అని రత్తయ్య భుజం తట్టి వెళ్ళిపోయాడు. హర్ష షాపు మూసి బండి తీశాడు.

కనకశ్రీ కోసం విడిగా మూస లేదన్న సంగతి అతనికి తట్టలేదు. ఉన్నది ఒక్కటే మూస. డెల్టాలో అతని షాపులో కార్డు వేయించుకున్న నలభై చిల్లర కుటుంబాలవీ అందులోంచే దిగుతాయి. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుందని ఇంతకాలం ఊరందరికీ చెప్పినవాడు తనకు మాత్రం ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.

వన్ టౌనులో శివపార్వతమ్మ పదహారో చీరో పద్ధెనిమిదో చీరో విప్పించి "రంగు దిగుతుందేమో" అంటుండగా హర్ష ఫోను మోగింది.

"బాబూ, నమస్కారమండీ. గుణదల నుంచి శౌరయ్యనండీ. మా క్రిస్టినా పెళ్ళి పేజీ చూశానండీ. చాలా బాగుందండీ. చిన్న సందేహం. ఈ రత్తయ్యగారెవరండీ?"

"ఏ రత్తయ్యగారండీ?"

"మా అమ్మాయికి పెద్ద మేనమామ అంటండీ. పట్టుపంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, బైబిలు వాక్యం కిందే నిలబడి దీవిస్తున్నారండీ. మంచి ముఖమేనండీ. కానీ నేను అమలమ్మని చేసుకుని పాతికేళ్ళు దాటిందండీ. ఆవిడకి ఉన్నది ఒక్కడే తమ్ముడు, నతానియేలు. ఈ పెద్దాయన సంగతి నాకు ఎవరూ చెప్పలేదండీ."

హర్ష చేతిలో ఉన్న చీర కింద పడింది. శౌరయ్య మర్యాద తెలిసిన మనిషి. గొంతు పెంచకుండా మిగతాది కూడా చెప్పాడు.

"మగపెళ్ళివారు గుడివాడ నుంచి ఫోన్ చేసి, ఇంకో మేనమామ ఉన్నాడని ముందే చెబితే ఆయనకీ బట్టలు పెట్టేవాళ్ళం కదా అని నిష్టూరాలాడుతున్నారండీ. మా నతానియేలైతే, నేను చచ్చాననుకున్నారా అని మంచం ఎక్కి ముసుగుతన్ని పడుకున్నాడండీ. డ్రిల్లు మాష్టారండీ, మామూలుగా పగలు పడుకోడు."

అది పెట్టేయగానే నూజివీడు నుంచి ఇంకొకటి. ఓణీల ఫంక్షన్‌కు ఓణీ తెచ్చేది మేనమామ కదా, ఇప్పుడు ఇద్దరు మేనమామలయ్యారు, పిల్ల ఎవరి ఓణీ కట్టుకోవాలి అని. ఆ తర్వాత తోట్లవల్లూరు నుంచి ఒకాయన. ఆయన అరవలేదు, ఆశ్చర్యపోయాడు.

"మా తాత తొంభై దాటి పోయాడండీ. ఆయన పెద్దకర్మకి పెద్ద మేనమామ వచ్చి ఆశీర్వదించటమేంటండీ? తాతకి మేనమామంటే ఎంత వయసుండాల? ఈయనేమో జుట్టుకి రంగేసుకుని నవ్వతన్నాడు!"

ఉన్నది ఒక్కటే మూసని హర్షకు అప్పుడు తట్టింది. ఒక్క అలక తీర్చబోయి జిల్లాలో ఉన్న అసలు మేనమామలందరినీ అలిగేలా చేశాడు. అత్తగారినీ భార్య సింధూరినీ చీరల మధ్యే వదిలేసి షాపుకు పరుగెత్తాడు. మూస తెరిచాడు. రత్తయ్యను పీకి పారేయడానికి వేలు మీట మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే రత్తయ్య ఫోన్ చేశాడు.

"అబ్బాయ్! నువ్వు మామూలోడివి కాదురా!"

"అది... పొరపాటున పెదనాన్నగారూ..."

"పొరపాటేంట్రా! ఒకటే ఫోన్లు! ఉయ్యూరు నించి ఒకాయన, మేనమామగారూ బస్సు ఎక్కడ దిగాల అన్నాడు. అవనిగడ్డ నించి ఒకావిడ, మేనమామగారూ మగపెళ్ళివారికి వంకాయ పడదంట, ఏం చేద్దామంది. దొండకాయ వెయ్యమన్నా. దణ్ణం పెట్టి మరీ పెట్టేసిందిరా ఫోను! ఇంతకాలం ఈ రత్తయ్యని ఎవరు పిలిచారురా? హాలు అద్దెకి కావాలంటే తప్ప ఫోనే మోగేది కాదు. ఇవాళ ఇంతమంది ఆడపిల్లలకి మేనమామని చేశావు. నీ రుణం ఉంచుకోన్రా."

ఆ గొంతులో తడి ఉంది. నిజమైన తడి. హర్ష వేలు మీట మీదనుంచి దానంతటదే జారిపోయింది. అతను చెడ్డవాడు కాదు. పైగా హాలు తాళాలు ఆ గొంతు పక్కనే ఉన్నాయి.

సాయంత్రం సింధూరి చీరల సంచులతో ఇంటికొచ్చి, మొగుడు గోడకు చేరగిలబడి ఉండటం చూసింది. సంగతంతా విని కాసేపు నవ్వింది, ఆ తర్వాత చెల్లెలి పెళ్ళి గుర్తొచ్చి ఆపింది.

"పోనీ మావయ్య చూసినప్పుడు ఉండేట్టు, మిగతావాళ్ళు చూసినప్పుడు లేనట్టు చెయ్యండి."

"కుదరదు సింధూ. ఇది స్టాటిక్ సైటు. పేజీ ఒకసారి తయారై కూర్చుందంటే ఎవరు తెరిచినా అదే కనిపిస్తుంది. చూసేది ఎవరో దానికి తెలీదు."

"ఎదుటి మనిషిని బట్టి మాట మార్చటం కూడా రాదా? ఎల్కేజీ పిల్లలకొచ్చండీ అది!" అంది సింధూరి. "అయినా మీ నాన్నగారికి ఉప్పు లేకుండా విడిగా వండట్లేదూ నేను? మావయ్యకీ విడిగా వండండి."

హర్ష లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్ళ చదువులో తట్టని ఉపాయం. రెండు మూసలు చేశాడు. ఒకదానిలో రత్తయ్య లేడు, అది లోకానికి. ఇంకోదానిలో రత్తయ్య ఉన్నాడు, అది రత్తయ్యకు. ఆ రెండో వంటంతా వేరే చిరునామాలో పెట్టి, మర్నాడు కంకిపాడు వెళ్ళి, "తొందరగా తెరుచుకుంటుందండీ" అని చెప్పి ఆయన ఫోనులో దాని గుర్తు అతికించి వచ్చాడు. శౌరయ్యకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. లోకంలో రత్తయ్య ఎవరికీ ఏమీ కాడు, రత్తయ్య ఫోనులో మాత్రం జగమంతా మేనకోడళ్ళే. ఇంతకంటే శాంతియుతమైన ఏర్పాటు ఏ ప్రభుత్వం చేయగలదని హర్ష పొంగిపోయాడు.

కానీ ఫోనులో ఉన్నదాన్ని ఫోనులోనే ఉంచుకునే మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు. రత్తయ్య ఆ లింకును "నా మేనకోడళ్ళు" అని రాసి తనకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పడేశాడు. రైతుల గ్రూపు, హాళ్ళ యజమానుల గ్రూపు, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుకునే గ్రూపు, దేన్నీ వదల్లేదు. వాళ్ళు ఇంకా కొందరికి పంపారు. మొదటి రోజున ఆయన నంబరు రాసుకున్నవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నూజివీడు ఫంక్షన్‌కైతే పట్టు ఓణీ కొనుక్కుని స్వయంగా వెళ్ళాడు. ఆ ఇంటివాళ్ళు పెద్దమనిషిని గుమ్మంలో నిలబెట్టి నువ్వెవరని అడగలేక పీట వేశారు. పీట వేశారు కాబట్టి ఆయన ఓణీ ఇచ్చాడు. అది అసలు మేనమామ తెచ్చినదానికంటే బరువైనది కావడంతో పిల్ల దాన్నే కట్టుకుంది.

ఆ లింకు తిరిగి తిరిగి నతానియేలు ఫోనుకు చేరింది. అప్పుడే మంచం దిగి, ముఖం కడుక్కుని, కాస్త మనుషుల్లో పడుతున్నాడు. దాన్ని చూసి చొక్కా తొడుక్కుని కంకిపాడు బయల్దేరాడు. బావ శౌరయ్య వెనకాలే బండి మీద వెళ్తూ హర్షకు ఫోన్ చేశాడు. "బాబూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదండీ, అక్కడ కొట్లాట జరిగేట్టుందండీ" అన్నాడు.

హర్ష, సింధూరి, శివపార్వతమ్మ ఆటోలో హాలుకు చేరేసరికి నతానియేలు గొంతు రోడ్డు మీదికి వినిపిస్తోంది. మైదానంలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు అది.

"మా అక్కకి అన్ననని చెప్పుకోటానికి మీరెవరండీ?"

"నువ్వెవరు?" అన్నాడు రత్తయ్య, అరుగు మీద కూర్చుని.

"క్రిస్టినా మేనమామని!"

"నేను పెద్ద మేనమామని. నువ్వు చిన్నోడివై ఉంటావు. కూర్చో, మజ్జిగ తాగుతావా?"

నతానియేలు కూర్చోలేదు. తన ఫోను తీసి హర్ష ఇచ్చిన అసలు పేజీ చూపించాడు. అందులో రత్తయ్య లేడు. రత్తయ్య తన ఫోను తీసి చూపించాడు. అందులో ఉన్నాడు, చెయ్యి కూడా ఎత్తాడు. "నీ ఫోను పాతదయ్యుంటదిలే" అని రత్తయ్య ఓదార్చాడు. ఇద్దరూ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత అందరి చూపూ ఒకేసారి హర్ష మీదికి తిరిగింది.

ఇక దాచి లాభం లేదు. హర్ష చేతులు కట్టుకుని మొత్తం చెప్పేశాడు. మూస గురించి, దాన్లో ఒక్కచోట పెడితే అందరి పేజీల్లోకీ వెళ్ళిన సంగతి, రెండో వంట, అంతా. రత్తయ్య తన ఫోనును అరుగు మీద బోర్లా పెట్టాడు.

"అంటే, ఆ అవనిగడ్డావిడ..."

"ఆవిడకు మీరెవరో తెలీదండీ పెదనాన్నగారూ. ఫైలు పొరపాటు."

"మరి దొండకాయ?"

"దొండకాయ... వేసే ఉంటారండీ."

రత్తయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, తాళంచెవుల గుత్తిని మొలలో ఇంకాస్త లోపలికి దోపుకుని, అరుగు మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అలకల్లో ఎన్నో రకాలు చూసిన శివపార్వతమ్మ ఇదెప్పుడూ చూడలేదు. "అన్నయ్యా, దాని పెళ్ళిరా! నీ చేతుల మీద పెరిగిన పిల్లరా!" అని ఏడ్చింది. వీపు కదల్లేదు. నతానియేలుకు కూడా ఏం చేయాలో తోచక, గెలిచినవాడిలా కాకుండా, చావింటికి వచ్చినవాడిలా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక హర్షను ఎవరూ తిట్టలేదు. కాఫీ ఇచ్చారు, మాట్లాడలేదు. కనకశ్రీ మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, "బావా, మరి నేను పెళ్ళెక్కడ చేసుకోవాలి?" అని అడిగింది. ఆ పిల్ల గొంతులో కోపం లేకపోవడం అతనికి చెంపదెబ్బలా తగిలింది. ఇబ్రహీంపట్నం నుంచి పామర్రు దాకా హాళ్ళన్నిటికీ ఫోన్లు చేశాడు. అందరూ నవ్వారు. ఒకాయనైతే వచ్చే ఏడాది మాఘానికి కూడా ఖాళీ లేదని ఉచితంగా చెప్పాడు. హర్ష ఒళ్ళు మండిపోయి, రత్తయ్య కోసం చేసిన ఆ రెండో వంట మొత్తాన్నీ చెరిపేశాడు.

మర్నాడు షాపు తెరవకముందే ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది అవనిగడ్డ ఆవిడ.

"బాబూ, మాకెవరో పంపిన లింకు తెరుచుకోట్లేదేంటి? మేనమామగారి పేరు తీసేశారా?"

"తీసేశానండీ. అది పొరపాటున పడిందండీ, క్షమించండి."

"పొరపాటు కాకపోతే మాకు కొత్త మేనమామ ఆకాశం నించి ఊడిపడతాడా? అది మాకూ తెల్సు. కానీ ఆయన మా పెళ్ళికి వంటపాత్రలు హాలు నించి పంపిస్తానన్నాడయ్యా. పేరు తీసేస్తే పాత్రలు కూడా పోయినట్టేనా?"

అప్పుడు బయటపడింది. దారడగడానికి ఫోన్ చేసినవాళ్ళకల్లా రత్తయ్య, మేనమామ అన్నాక ఊరికే ఉంటాడా అని, ఒకరికి కుర్చీలు, ఒకరికి జనరేటరు, ఇంకొకరికి షామియానా మాటిచ్చేశాడు. అసలు మేనమామలు అలిగినంతసేపు అలిగి, ఆ ఖర్చు తమ నెత్తిన పడేదని లెక్క తెలిశాక అలక మానేశారు. "మా పైన వేసినా పరవాలేదండీ ఆయన పేరు" అన్నాడు ఒక మేనమామ. "ఫోటో కూడా కాస్త పెద్దది చెయ్యండి" అన్నాడు ఇంకొకడు. తోట్లవల్లూరు ఆయన కూడా చేశాడు. తాతకి మేనమామగా కాకపోయినా తమకు పెద్దదిక్కుగా ఉంచమన్నాడు.

హర్షకు ప్రాణం లేచొచ్చింది. అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. "నా చేతుల్లో లేదండీ. ఆయన కంకిపాడులో అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మీరే వెళ్ళి అడగండి." ఆ రోజంతా కంకిపాడు వైపు ఆటోలు నడిచాయి. పళ్ళు, పూతరేకులు, ఉయ్యూరు బెల్లం పట్టుకుని మనుషులు వెళ్ళారు. వాళ్ళలో అమలమ్మ, శౌరయ్య కూడా ఉన్నారు.

సాయంత్రానికి రత్తయ్యే ఫోన్ చేశాడు. గొంతులో గోడ లేదు.

"అబ్బాయ్, లేచి కూర్చున్నాన్రా! ఎంతమందొచ్చారో తెలుసా? నువ్వేదో పొరపాటన్నావు. వాళ్ళు పొరపాటు కాదన్నారు. ఆ అమలమ్మయితే, నాకు చిన్నప్పట్నించీ అన్నలేడే అని ఉండేదండీ, మీరు మా పేజీలో నిలబడితే మాకు నిండుగా ఉందండీ అని చెయ్యి పట్టుకుంది. ఏడుపొచ్చేసిందిరా నాకు."

"చాలా సంతోషమండీ పెదనాన్నగారూ!" హర్షకు కూడా ఏడుపొచ్చింది. "మరి హాలు?"

"ఇచ్చేశా."

"మీ మేలు మరిచిపోలేమండీ!"

"మీకు కాదురా, అమలమ్మకి. వాళ్ళమ్మాయి పెళ్ళి కూడా మన కనకశ్రీ పెళ్ళిరోజేనంట. వాళ్ళు తీసుకున్న గుణదల హాలు అగ్గిపెట్టంత ఉంటదంట, బళ్ళు పెట్టుకోటానికి కూడా చోటు లేదంట. పెద్ద మేనమామకి ఇంత హాలుండి మేనకోడలు అగ్గిపెట్టెలో పెళ్ళి చేసుకుంటదా? అడక్కుండానే ఇచ్చా."

హర్ష ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. ఆ చెవిలోనైనా వేరేగా వినిపిస్తుందేమోనని.

"మరి కనకశ్రీ పెళ్ళండీ?"

"మనదేముందిరా, ఇంట్లోవాళ్ళం. సర్దుకుంటాం. పైవాళ్ళ దగ్గర మాట పోకూడదు. నువ్వు తెలివైనోడివి, నీకు నేను చెప్పాలా?"

శివపార్వతమ్మ ఈ వార్త విని తల పట్టుకుని, ఆ తర్వాత తేరుకుని, "పోన్లే, అలక లేదుగా" అంది. ఖాళీ అయిన గుణదల హాలును శౌరయ్య తనే మాట్లాడి కనకశ్రీకి ఇప్పించాడు. క్షమించమని కూడా అన్నాడు, ఆయన మర్యాద ఆయనది. హర్ష కనకశ్రీ టెక్స్ట్ ఫైలు తెరిచి హాలు పేరు ఒక్కచోట మార్చాడు. ఈసారి మూస జోలికి పోలేదు. అడిగిన కుటుంబాలన్నిటి పేజీల్లోనూ రత్తయ్యను విడివిడిగా, ఒక్కొక్కటిగా, చేత్తో కూర్చోబెట్టాడు. అరపూట పట్టింది.

పెళ్ళిరోజు గుణదల హాలులో నిజంగానే కాలు పెట్టడానికి సందు లేదు. కనకశ్రీ బుట్టలో కూర్చుంది. పురోహితుడు మైకులో "మేనమామగారెవరండీ, అమ్మాయిని తీసుకురండి, ముహూర్తం దగ్గర పడింది" అని పిలిచాడు. శివపార్వతమ్మ అన్నకు ఫోన్ చేసింది. వెనకనుంచి చర్చి పాటలూ జనం నవ్వులూ వినిపిస్తున్నాయి. "వస్తన్నానే, వస్తన్నా! ఇక్కడ గుమ్మంలో నేనే నిలబడి అందర్నీ రమ్మనాలంట, వదలట్లేదు! మీరు కానిచ్చెయ్యండి" అని రత్తయ్య పెట్టేశాడు. శివపార్వతమ్మకు మరో అన్నగానీ తమ్ముడుగానీ లేడు. పురోహితుడు రెండోసారి పిలిచాడు. కనకశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హర్ష ఎవరైనా దొరుకుతారేమోనని బయటికి పరుగెత్తాడు. హాలు మెట్ల మీద కొత్త చొక్కా, ఇస్త్రీ ప్యాంటులో నతానియేలు ఒక్కడే మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. సొంత మేనకోడలి పెళ్ళిలో తనకు రెండో కుర్చీ వేశారని అలిగి, ఆ హాలు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, అసలు క్రిస్టినా పెళ్ళి జరగాల్సిన ఈ హాలుకే వచ్చి కూర్చున్నాడట.

"మాష్టారూ, మా మరదలు బుట్టలో కూర్చునుందండీ. మోయటానికి మేనమామ లేడు. నా వల్లే ఇదంతా. చెయ్యెత్తి దణ్ణం పెడతా, రండి."

నతానియేలు తల ఎత్తలేదు. "పిల్ల ఏడుస్తుందా?" అని అడిగాడు.

"ఏడుస్తుందండీ."

అతను లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి నడిచాడు. ఇద్దరు పట్టుకోవాల్సిన బుట్టను ఒక్కడే ఎత్తి, కవాతులో నడిచినట్టు నిటారుగా నడిచి మండపంలో దించాడు. అప్పటికి కూడా ఎవరివైపూ చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

అంత అలిగిన ముఖం చూశాక, ఈయన మేనమామేనా అని పురోహితుడు అడగలేదు.